సకలం, శకలం

"భగవంతుడి మాటకు నువ్వు ట్రెబుల్ కలిపేదేమిటయ్యా?" అన్నారు పంతులుగారు. మీట మీదికి పోతున్న నా చెయ్యి అక్కడే ఆగింది.

తిరుగుతున్నది ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఈ రికార్డు ఆ తర్వాతే జనంలోకి వచ్చింది. నా దగ్గరున్న ప్లేటుకు అంచు దగ్గర వెంట్రుకంత గీత ఉంది. మొదటి రెండు నిమిషాలు టిక్కు టిక్కుమంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

మాది సిద్దిపేట, పాత బస్టాండు వెనక. ముందుగదిలో నలభై ఏళ్లు మైకుసెట్టు దుకాణం నడిపాను. పెళ్లిళ్లకు, బోనాలకు, కోమటి చెరువు కట్ట మీద బతుకమ్మకు, కొమురవెల్లి మల్లన్న జాతరకు గొట్టాలు కట్టాను. పంతులుగారు బడిలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఆదివారం సాయంత్రం వచ్చి ఒక రికార్డు విని పోతారు. నేను ముల్లు దించగానే కళ్లు మూసుకుంటారు. ఆ రోజు మాత్రం తెరిచే ఉంచారు.

ఆయన కోప్పడలేదు. తెలుసుకోవాలని అడిగారు, అందుకే అది నన్ను పట్టుకుంది. నాకు మీట తిప్పడమంటే మంగలికి కత్తి నూరుకోవడం లాంటిది. పందిట్లో ఎన్ని వేలసార్లు తిప్పానో. కానీ గీత ముందు కూర్చుని ఆ పని చేసే హక్కు నాకుందా అని అంతవరకు నేనెప్పుడూ ప్రశ్నించుకోలేదు.

మొదట నా పనికి తెలిసిన జవాబే చెప్పాను. చెప్పడం కాదు, వినిపించాను. పికప్పు తీగను రికార్డు సాకెట్లోంచి పీకి మామూలు మైకు సాకెట్లో పెట్టాను. అదే ప్లేటు, అదే గాడి, అదే ముల్లు. ఘంటసాల గొంతు చీపురు పుల్లలా వచ్చింది. ఛాతీ లేదు, మృదంగం లేదు, అంతా సరసరమనే చప్పుడు. పంతులుగారు ముఖం చిట్లించారు. "ఇదీ గాడిలో నిజంగా ఉన్నది, ఎవరూ ఏమీ కలపనిది" అన్నాను.

రికార్డు కోసేటప్పుడే పాటను వంచి కోస్తారు. మంద్రస్వరాలను ఉన్నవి ఉన్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ పెద్దగా ఊగి పక్క గాడిలోకి పోతుంది, ప్లేటు మీద చోటూ చాలదు. అందుకని కింది స్వరాలను తగ్గిస్తారు. పై స్వరాలు ఉన్నట్టే ఉంటే ప్లేటు రాపిడి చప్పుడులో మునిగిపోతాయి కాబట్టి వాటిని పెంచుతారు. అట్టడుగున 20 హెర్ట్జ్ దగ్గర పదో వంతుకు దించుతారు, పైకొసన 20,000 దగ్గర ఇంచుమించు పదింతలు చేస్తారు. నడుమ 1000 దగ్గర ముట్టుకోరు. ఆంప్లిఫయరులో ఒక చిన్న సర్క్యూటు ఆ వంపునంతా తిరగేసి మళ్లీ సరి చేస్తుంది. ఎంత వంచాలో, ఎంత సరిచేయాలో అమెరికా రికార్డు కంపెనీల సంఘం 1954లో ఒక లెక్క ఖాయం చేసింది, లోకం దాన్నే పట్టుకుంది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. నా దగ్గర 1951 నాటి 'పాతాళభైరవి' పాటల 78 వేగం ప్లేటు ఒకటుంది, లక్కతో చేసింది. పాండవుల లక్క ఇంటికి వాడిన లక్కే అది, మన అడవుల పురుగు పెట్టినదే. దాన్ని 1954 లెక్కతో వింటే సరిగ్గా ఉండదు. కింది స్వరాల బాసు మీట, పై స్వరాల ట్రెబుల్ మీట, రెండూ తిప్పుకుంటూ చెవితోనే దారి వెతుక్కోవాలి.

"కాబట్టి అయ్యగారూ, ఏమీ కలపకుండా వినడమనేది లేనే లేదు" అన్నాను. గెలిచాననుకున్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "వంగినదాన్ని సరిచేయడం వేరు, సరైనదాన్ని వంచడం వేరు. ఆ సర్క్యూటుకు శాస్త్రం ఉంది. నీ వేలికి ఏ శాస్త్రం ఉంది?" అన్నారు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఊళ్లో పనిచేసేవాడికే కాదు, పెద్ద పెద్ద కంపెనీలకూ లేదనుకుంటాను. ఇంగ్లండులో పీటర్ బాక్సాండల్ అనే ఇంజనీరు 1952లో బాసు, ట్రెబుల్ మీటల సర్క్యూటు ఒకటి ప్రచురించాడు. ఇవాళ్టికీ రెండు మీటలున్న ఆంప్లిఫయర్లలో ఎక్కువ వాటి లోపల ఉండేది అదో, దాని బిడ్డో. తర్వాత్తర్వాత ఖరీదైన ఆంప్లిఫయర్లలోంచి ఆ మీటలే తీసేయడం మొదలైంది. ఉన్నవాటికీ వాటిని తప్పించి నేరుగా పోయే ఒక బటను పెట్టారు. శుద్ధి అన్నారు దాన్ని. పంతులుగారికి ఆ సంగతి తెలియదు, ఆయన మాత్రం సరిగ్గా అదే అడిగారు.

తర్వాతి ఆదివారం ఆయనే పతంజలి మహాభాష్యం సంగతి ఎత్తారు. భేరిని ఒకడు కొడతాడు. ఆ మోత ఒకసారి ఇరవై అడుగులు పోతుంది, ఒకసారి ముప్పై, ఒకసారి నలభై. సాగినదల్లా ధ్వని, స్ఫోటం మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే వినేవాడి మనసులో మాట తెరుచుకునే ఆ అసలు శబ్దం పెరగదు, తరగదు. మీమాంసకులైతే ఇంకా ముందుకు పోయి శబ్దం నిత్యమనే అంటారట. గొంతు, గాలి దాన్ని పుట్టించవు, బయటపెడతాయి, అంతే. చీకటి గదిలో కుండను దీపం పుట్టించదు, చూపిస్తుంది. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. శబ్దం ఆకాశ గుణం, పుడుతుంది, పోతుంది అంటారు.

నేను వెంటనే అందుకున్నాను. "మరి నేను ట్రెబుల్ ఎంత తిప్పినా గీతకేమీ కాదు కదా?"

"ఏమీ కానప్పుడు ఎందుకు తిప్పుతున్నావు?"

అక్కడ ఇరుక్కున్నాను. మాటకు తగలకపోతే మీట దండగ, తగిలితే తప్పు. వారం రోజులు వైర్లు చుడుతున్నా, అన్నం తింటున్నా అదే తిరిగింది. దానికి నాకు దొరికిన దారి ఏ పుస్తకంలోనూ లేదు. అది మా బాపు చెవిలో ఉంది.

బాపు నేతగాడు. గుంట మగ్గం మీద గొల్లభామ చీరలు నేశాడు. నెత్తిన కుండతో నిలబడ్డ గొల్లభామ, చీర మీద వరుసగా. డెబ్బై దాటాక చెవి తగ్గింది. అందరికీ తగ్గినట్టే ముందు పై స్వరాలు పోయాయి. ఆయనకు రికార్డు వింటే మొదటి పని స్పీకరు ముందు గుడ్డను బొటనవేలుతో రుద్ది చూడడం. నూలేదో, పోగు ఎంత దగ్గరగా ఉందో వేలే చెప్పేది. తర్వాత అరచెయ్యి పెట్టె పక్కన ఆనించి కూర్చునేవాడు. మృదంగం చేతిలో తెలిసేది. కానీ మాట తెలిసేది కాదు.

ఒకనాడు గీత పెడితే, "ఘంటసాలకు పడిశం పట్టిందారా?" అని అడిగాడు.

నేను ట్రెబుల్ మీటను కుడికి తిప్పుతూ పోయాను. నాకు చెవిలో గుచ్చుకునేదాకా తిప్పాను. ఒకచోట బాపు ముఖం మారింది. పెదవులు కదిలాయి, శ్లోకం వెంట పోతున్నాయి. ఆయనకు చదువు రాదు, విని విని వచ్చిన శ్లోకాలే. మీట మీది తెల్లగీత ఎక్కడ ఆగిందో అక్కడ బ్లేడుతో ఒక చిన్న గాటు పెట్టాను. అది బాపు గాటు.

పంతులుగారికి ఈ సంగతి చెప్పి, నా ప్రశ్న నేనడిగాను. స, శ, ష, ఈ మూడింటి తేడా ఏముంది? గొంతు మూడింటికీ దాదాపు ఒకటే. తేడా అంతా నాలుక మీదుగా జారే గాలిలో ఉంది. ఆ గాలి చప్పుడు చాలావరకు 3000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. పైస్వరాలు పోయిన చెవికి ఆ మూడూ ఒకటే. ఆయనే బడిపిల్లలకు చెప్పేవారు: స్వజనం అంటే మనవాళ్లు, శ్వజనం అంటే కుక్కలు. సకలం అంటే మొత్తం, శకలం అంటే ముక్క. వ్యాకరణం ఎందుకు చదవాలంటే ఇందుకు అని.

"ఘంటసాల 'సకలం' అన్నాడు. గాడిలో 'సకలం' ఉంది. మా బాపు చెవికి అది సకలమో శకలమో తెలియకుండా చేరింది. ట్రెబుల్ తిప్పితే 'స' తిరిగొచ్చింది. నేను మాటను మార్చానా అయ్యగారూ, వత్తి ఎగదోశానా?"

కుండ మారలేదు. దీపం పెరిగింది, ఆ కంటికి చాలినంత. నేను మీటలను సమర్థించుకునేది ఈ ఒక్క మాట మీదే. మాటకు తగలడం, తగలకపోవడం అని రెండే కాదు. మధ్యలో చేరడం అనేది ఒకటుంది. మీట పని అక్కడే.

ఆయన ఒప్పుకున్నట్టే తలాడించి, ఇంద్రశత్రువు కథ తీశారు. త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని యజ్ఞం చేస్తే, మంత్రంలో స్వరం ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడింది. ఇంద్రుణ్ణి చంపేవాడు కావలసినవాడు ఇంద్రుడి చేతిలో చచ్చేవాడయ్యాడు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, స్వరం ఒక్కటే మారింది. ఇంతటి సున్నితమైన చోట వేలు పెట్టడమెందుకన్నది ఆయన భయం.

ఆ భయం నాకూ ఉంది, అయితే అది వేరే మీట దగ్గర. రికార్డు నిమిషానికి 33⅓ తిప్పులు తిరగాలి. ఎండాకాలం రబ్బరు బెల్టు వదులైతే చక్రం మందగిస్తుంది. రెండు తిప్పులు తగ్గితే చాలు, శ్రుతి ఒక స్వరస్థానం దిగిపోతుంది. అప్పుడు మారేది స్వరమే, గమకం నడకే. అట్లా తిరిగే ప్లేటు మీద దేవుడి పాట నేను పెట్టను. బెల్టు మార్చేదాకా మూత వేసి ఉంచుతాను. బాసు, ట్రెబుల్ మీటలు స్వరం జోలికి పోవు. ఉదాత్తం ఉదాత్తంగానే ఉంటుంది. అవి మార్చేది నాదం ఒంటి రంగును, అక్షరం వెలుగును.

అయితే ఆ రంగుతో కూడా అర్థాన్ని చంపవచ్చు. అది చెప్పకుండా దాటేస్తే నేను అబద్ధమాడినట్టే, ఎందుకంటే ఆ పని నా చేతులతోనే జరిగింది.

మన ఊళ్లలో ఘంటసాల గీత వినబడితే పిల్లలు ఆట ఆపి, "ఎవరు పోయిన్రు?" అని అడుగుతారు. కురుక్షేత్రంలో ఒకణ్ణి లేచి నిలబడమని చెప్పిన గ్రంథం మన వీధుల్లో పాడె లేచే గుర్తయింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, చావింట్లో గీత వినాలనే ఆచారం మంచిదే కూడా. కానీ ఒక కారణం గొట్టం స్పీకరని నా నమ్మకం. అది సుమారు 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మగవాడి గొంతు మూలస్వరం 100, 150 దగ్గర ఉంటుంది. ఘంటసాల గొంతులో మనల్ని భుజం మీద చెయ్యి వేసి పట్టుకునేది ఆ కిందిభాగమే. గొట్టం దాన్ని కోసేస్తుంది. మిగిలేది నడుమ భాగం, అదీ అరుపు. ధైర్యం చెప్పే గొంతు ఏడుపులా వినబడుతుంది. అట్లాంటి గొట్టాలు నేను కట్టానంటే కట్టాను. దూరం పోవాలి, నలుగురికి తెలియాలి అన్నారు, కట్టాను. ఆ రోజుల్లో ఇది నాకు తట్టలేదు.

బాపు 2012 ఎండాకాలంలో పోయాడు. అప్పటికి మేమింకా మెదక్ జిల్లాలోనే ఉన్నాం. వైకుంఠరథం వచ్చి వాకిట్లో నిలబడింది. పైన రెండు గొట్టాలున్నాయి. డ్రైవరు గీత పెట్టాడు. నేను పోయి, "తమ్మీ, జర ఆపు" అన్నాను. అందరూ నన్ను వింతగా చూశారు. ముందుగదిలోంచి ఆంప్లిఫయరూ, చెక్కపెట్టెలు రెండూ తెచ్చి అరుగు మీద పెట్టి ప్లేటు వేశాను. ట్రెబుల్ మీట బాపు గాటు దగ్గరే ఉంది. అది చూశాక చెయ్యి ఆడలేదు. బాసు మాత్రం కొంచెం పెంచాను. ఘంటసాల గొంతు నేల మీద పరుచుకున్నట్టు వచ్చింది. పక్కింటి పిల్లలు పారిపోలేదు. మా అవ్వ మొదటిసారి ఏడుపు ఆపి విన్నది.

పంతులుగారు ఆ రోజు వాకిట్లోనే ఉన్నారు. పదకొండో రోజు వచ్చి ఒక మాటన్నారు. అసలు గీతను కృష్ణుడి నోటి నుంచి ఎదుట ఉండి విన్నవాడు అర్జునుడు. ధృతరాష్ట్రుడికి సంజయుడు వినిపించాడు. ఆ సంజయుడికి కూడా వ్యాసుడి దయవల్ల వినిపించింది, చివరి అధ్యాయంలో తానే చెప్పుకున్నాడు. మనమంతా వింటున్నది సంజయుడి చెవి దాటి వచ్చిన గీతనే. ఘంటసాల అందులోంచి కొన్ని శ్లోకాలు ఏరి, తెలుగులో తాత్పర్యం చెప్పి పాడారు. అధికారిని బట్టి ఉపదేశం అన్నారు పెద్దలు. వినేవాడి శక్తిని చూసి చెప్పేది మారుతుంది, చెప్పబడేది మారదు. "మీ నాయనకు నువ్వు సంజయుడివైనావు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఆయన పూర్తిగా నా వైపు వచ్చారని కాదు. ఒక పట్టు మాత్రం వదలరు. శ్రవణం ఒక సాధన అంటారు. శ్రవణం, మననం, నిదిధ్యాసనం, వరుస అది. వినేవాడు మాట దగ్గరికి నడిచి పోవాలి. మాటను తన చెవి దగ్గరికి జరుపుకుంటూ పోతే నడక మరిచిపోతాడు. ఈ మాట ఎంత నిజమో నేను కళ్లారా చూశాను. దుకాణానికి వచ్చే కుర్రవాళ్లు ఈక్వలైజరు మీద పది మీటలను, 31 హెర్ట్జ్ నుంచి 16,000 దాకా, రెండు కొసలూ లేపి నడుమ దింపి గద్దరెక్కల్లా పెడతారు. గుండె అదురుతుంది, తాళం తళతళలాడుతుంది, నడుమ ఉండాల్సిన మనిషి గొంతు పోతుంది. అది వత్తి మరీ ఎగదోయడం. దీపం పొగచూరి కుండే కనబడదు. కొమురవెల్లిలో ఒగ్గు కథకు డోళ్ల మోత మాటను మింగేస్తుంటే నేను చేసింది దీనికి తలకిందులు. బాసు దించి నడుమ లేపితే మల్లన్న కథ చివరి వరుసలో ముసలమ్మకు కూడా అందింది. నేను చూసుకునే లెక్క అదొక్కటే, మీట తిప్పాక మాట దగ్గరయ్యిందా, దూరమయ్యిందా.

ఆ నడక మాటకు నేను చెప్పేది మరొకటుంది. తెల్లవారి ఐదింటికి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం పెడతాను, 1963 రికార్డు. ఇరుగుపొరుగు లేవకుండా చాలా చిన్నగా. అంత చిన్నగా వింటే కిందిస్వరాలు మనిషి చెవికి మిగతావాటికంటే ఎక్కువగా తగ్గిపోతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. అందుకే సుప్రభాతంలో ఆమె వెనకున్న తంబుర శ్రుతి మాయమై పాట గాల్లో తేలినట్టుంటుంది. బాసు కొద్దిగా తిప్పుతాను, శ్రుతి వచ్చి పాట కింద కూర్చుంటుంది. పక్కవాడి నిద్ర కోసం నేను గొంతు తగ్గించాను, తగ్గించినప్పుడు పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నాను. ఇందులో సోమరితనం ఎక్కడుందో నాకు కనబడదు. పంతులుగారికి కనబడుతుంది. మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

మొన్న సంక్రాంతికి కూతురు పిల్లను తీసుకుని వచ్చింది. ఎనిమిదేళ్లది. నేను గీత పెట్టి ట్రెబుల్ తిప్పుకున్నాను, నాకు మాట స్పష్టంగా తెలిసేదాకా. అది రెండు చెవులూ మూసుకుని, "తాతా, సూదులు గుచ్చినట్టున్నది" అంది. కళ్లద్దాలు పెట్టుకుని మీట వైపు చూశాను. తెల్లగీత బాపు గాటును దాటి పోయింది.

మీటను నడిమికి తెచ్చాను. పిల్ల చేతులు దించి, ఎదురుగా చాప మీద కూర్చుని వినడం మొదలుపెట్టింది. నాకు ఘంటసాల కాస్త పడిశం పట్టినట్టే వినిపించాడు. కుర్చీ జరుపుకుని పెట్టె పక్కకు పోయి, అరచెయ్యి చెక్క మీద ఆనించాను.